మూలకు పోని హ్యాండిల్

పోయిన శనివారం సాయంత్రం మా సంఘంలోని యవ్వనస్థులు మందిరం వెనక గదిలో గోడకు పెద్ద టీవీ ఒకటి బిగించి, దాని కింద వీడియో గేముల పెట్టె పెట్టుకున్నారు. ఆ ఆటలు మందిరం ఆవరణలో ఉండతగినవో కావో చూసి చెప్పమని పాస్టరు గారు నన్ను పంపారు. ఆదివారం బడి పిల్లలకు ఇన్నేళ్లుగా బైబిలు వాక్యం చెబుతున్నదాన్ని, నేను చూస్తే చాలని ఆయన ఉద్దేశం. నేను తలుపు తీసేసరికి తెర మీద ఇద్దరు మనుషులు ఒకరి దవడ ఒకరు పగలగొట్టుకుంటున్నారు, నెత్తురు తెర అంచుదాకా చిందుతోంది, పిల్లలేమో నన్ను చూసి పాట పుస్తకాలు మరచిపోయి పాడటానికి నిలబడ్డ క్వాయర్ వాళ్లలా బిగుసుకుపోయారు. వాళ్లలో ఒకడు ఏం చెయ్యాలో తోచక చేతిలోని ప్యాడ్ నాకే అందించాడు. నేను దాన్ని అటూ ఇటూ తిప్పి, బొటనవేలితో బాణం గుర్తులు నొక్కి చూసి, ఆలోచించకుండా అనేశాను: "ఈ ఆటకు ఇది కాదురా నాన్నా, దీనికి హ్యాండిల్ కావాలి. బొటనవేలికి మూలలు అందవు."

తెల్లజుట్టు ఆంటీ, ఉపవాస కూడికల్లో కన్నీళ్లతో ప్రార్థించే ఆంటీ, ఈ మాట ఎక్కడ నేర్చుకుందో ఆ పిల్లలకు ఎలా తెలుస్తుంది? నా ఈడు వాళ్లకైతే చెప్పనక్కర్లేదు. మన కాలంలో ఇళ్లలో ఇవేవీ లేవు, సందు చివర రేకుల షట్టరు వేసిన చీకటి గదిలో ఉండేవి, లోపల చెమట వాసనా, అగరొత్తుల వాసనా, కాలిన వైరు వాసనా కలిసి ఉండేవి. ఇంట్లోవాళ్లు అక్కడికి పోతే కాళ్లు విరగ్గొడతామనేవాళ్లు. అలాంటి గదిలో, చిక్కడపల్లిలో, నారాయణగూడ చౌరస్తా నుంచి వస్తుంటే ఎడమ చేతి సందులో, ఆటల మిషనులో వేసే టోకెన్ల డబ్బా ముందేసుకుని కూర్చున్న ఆడపిల్లను నేను. ఆ దుకాణం మా అన్నది.

మా అన్న సంగతి ముందు చెప్పాలి. ప్రభువును నమ్మి రక్షణలోకి రాకముందు మా అన్న మంచివాడు కాదు. కాలేజీ ఎలక్షన్ల రోజుల్లో చేతికి సైకిల్ చైను చుట్టుకుని తిరిగేవాడు, అడిక్‌మెట్ నుంచి విద్యానగర్ దాకా వాడి పేరు చెబితే కుర్రాళ్లు సందు మార్చి పోయేవాళ్లు. కోపం వస్తే కళ్లు ఎర్రబడటం, గొంతు లేవటం లాంటివి వాడిలో ఉండేవి కావు. ముఖం ప్రశాంతంగానే ఉండేది, చెయ్యి మాత్రం దానంతటది లేచేది. ఒకరోజు రైలు పట్టాల పక్కన వాడు ఒకతని దవడ ఎముక రెండు చోట్ల విరగ్గొట్టాడు. పోలీసుల దాకా పోలేదు ఆ గొడవ. కొన్నాళ్లకు ఆ మనిషి తల్లి కొడుకును వెంటబెట్టుకుని మా గడపలోకి వచ్చి, తిట్టకుండా, ఏడవకుండా కూర్చుని, తెచ్చుకున్న గిన్నెలోంచి పల్చటి గంజి చెంచాతో తీసి, ముప్పై ఏళ్లకు దగ్గరపడుతున్న ఆ మగమనిషి నోట్లో, వైర్లతో కట్టిన పళ్ల సందుల్లోంచి మా అందరి ముందూ పోసింది. గంజి సగం గడ్డం మీద కారేది, ఆమె కొంగుతో తుడిచేది, మళ్లీ పోసేది. గిన్నె ఖాళీ అయ్యాక లేచి వెళ్లిపోయింది. మా అన్న ఆ రోజు అన్నం తినలేదు. ఆ ఆదివారం మా అమ్మ వెనకాలే మందిరానికి వచ్చి చివరి బల్ల మీద కూర్చున్నాడు, ఆరు నెలలు తిరక్కముందే బాప్తిస్మం తీసుకున్నాడు, నీళ్లలోంచి లేచిన చోటే నిలబడి ఇక ఏ మనిషి మీదా చెయ్యి ఎత్తనని సంఘం ముందు మాట ఇచ్చాడు.

అలాంటివాడు పోయిపోయి పిడిగుద్దుల ఆటల దుకాణం పెట్టడమేమిటని సంఘ పెద్దలు తప్పుపట్టారు. ఒక పెద్దాయన ఏకంగా అది సాతాను కుర్చీ వేసుకు కూర్చునే చోటని ప్రసంగంలోనే అన్నాడు. మా అన్న జవాబు ఒక్కటే, కొట్టాలనే కోరిక ఎట్లాంటిదో తనకు తెలుసనీ, అది ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలనీ, తన దగ్గరికొచ్చి గాజు పలక వెనక ఉన్న బొమ్మలను కొట్టిపోతే ఆ రాత్రి ఇంట్లో పెళ్లాం మీదా పిల్లల మీదా పడే దెబ్బ ఒకటి తగ్గుతుందనీ. అది నిజమో కాదో నాకిప్పటికీ తెలియదు. ఒక్కటి మాత్రం నిజం, మా గదిలో బొమ్మలు ఎంత కొట్టుకున్నా మనుషులు కొట్టుకునేవాళ్లు కారు, అసలు బూతులే వినిపించేవి కావు. నేను కౌంటర్లో వాక్యం చదువుకుంటూ కూర్చునేదాన్ని, ఎవడైనా నోరు జారితే పక్కవాడే వాడి నెత్తి మీద ఒకటి మొట్టి "అక్క ఉంది రా" అనేవాడు.

ఆ రోజుల్లోనే నేను నేర్చుకున్నాను, ఏ ఆటకు ఏ పిడి అన్నది. కార్ల ఆటకు చక్రమే ఉండాలి, మలుపులో దాని బరువు భుజానికి తగలాలి. పిడికిట పట్టుకునే నిలువు కర్ర, అదే హ్యాండిల్‌తో కారు నడిపితే బండి తాగుబోతులా తూలుతుంది. పిట్టల్నో దొంగల్నో కాల్చే ఆటకు వైరుతో వేలాడే తుపాకీ, దాని ట్రిగ్గరు కొంచెం గట్టిగా ఉండాలి, మెత్తగా ఉంటే కుర్రాళ్లు గురి చూడరు, ఊరికే నొక్కుతారు. గీతల సందుల్లో తిరుగుతూ చుక్కలు మింగే ఆటకు పైకీ, కిందికీ, కుడికీ, ఎడమకీ మాత్రమే పోయే హ్యాండిల్ కావాలి, అది మూలలకు జారిందంటే బొమ్మ గోడ దగ్గర తడబడి ఆగి దయ్యాల నోట పడుతుంది. పిడిగుద్దుల ఆటకు అచ్చంగా దానికి వ్యతిరేకం. దానికి ప్రాణమంతా మూలల్లోనే ఉంటుంది. ఎగిరి ముందుకు దూకాలన్నా మూలే, నిప్పు విసరాలన్నా కింది నుంచి మూల మీదుగా ముందుకు తిప్పాలి, అన్నిటికంటే ముఖ్యం, కాళ్ల మీద దెబ్బ వస్తే కాచుకోవాలన్నా వెనక్కి, కిందికి ఉన్న మూలలో హ్యాండిల్ బిగించి పట్టుకోవాలి. ఎడమ చెయ్యి హ్యాండిల్‌ది, కుడి చెయ్యి బటన్లది. ఎడమ చెయ్యి కాస్తుంది, కుడి చెయ్యి కొడుతుంది. రాజు తొడిగిన కవచం విప్పి పక్కన పెట్టి, తన చేతికి అలవాటైన ఒడిసెలే తీసుకుని యుద్ధానికి వెళ్లిన గొర్రెల కాపరి కుర్రవాడి కథ ఆదివారం బడిలో చెప్పినప్పుడల్లా నా కళ్ల ముందు మా గదిలోని ఈ పిడులన్నీ కదిలేవి. చేతికి ఏది తగునో ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పలేదు, చెయ్యే చెప్పింది.

హ్యాండిల్ మూలలకు పోవాలా వద్దా అన్నది తేల్చేది బటన్లు బిగించిన చెక్క కింద, కంటికి కనపడని చోట ఉండే అరచేతి సగమంత నల్ల ప్లాస్టిక్ ప్లేటు. దాని మధ్యలో చిన్న కంత, ఆ కంతలో హ్యాండిల్ అడుగు కర్ర తిరుగుతుంది. కంత చదరంగా ఉంటే కర్ర ఎనిమిది దిక్కులా పోతుంది, కూడిక గుర్తులా ఉంటే నాలుగు దిక్కులే, మూలలకు ఎంత బలంగా లాగినా పోదు. మా అన్న ఆ కూడిక కంత ప్లేటు ఒకటి చొక్కా జేబులో వేసుకుని తిరిగేవాడు. దేవుడు తనను ఎలా మార్చాడో కూడికలో సాక్ష్యం చెప్పమని ఎవరు పిలిచినా అది తీసి అందరికీ చూపించేవాడు. ఒకప్పుడు తన చెయ్యి ఎటు పడితే అటు పోయేదనీ, ఇప్పుడు దేవుడు తన లోపల ఈ ప్లేటు వేశాడనీ, కొట్టే మూలకు ఎంత లాగినా చెయ్యి ఇక పోదనీ చెప్పేవాడు. ఆటల మిషను సామాను పట్టుకుని ప్రసంగ వేదిక ఎక్కుతున్నాడని పెద్దలు నవ్వుకునేవాళ్లు. చదువుకోని ఆడవాళ్లు మాత్రం ఆ ప్లేటు చేతులు మార్చుకుంటూ, కంతలో వేలు పెట్టి చూసుకునేవాళ్లు.

ఇక పహిల్వాన్. అందరూ ఆయన్ని అట్లాగే పిలిచేవాళ్లు, అసలు పేరు ఎవరికి తెలుసో తెలియదు. అడిక్‌మెట్ వైపు తాలీంలో, అంటే కుస్తీ గోదాలో, మట్టి పూసుకుని కసరత్తు చేసి, సాయంత్రం అత్తరు పూసుకుని మా దుకాణానికి వచ్చేవాడు. ఖాళీ చెయ్యని కిరాయిదారులను ఖాళీ చేయించడం ఆయన పని, సామాను రోడ్డు మీద పడెయ్యడం, అడ్డొచ్చిన చెయ్యి విరిచెయ్యడం. గాంధీనగర్‌లో ఒక ముసలాయన తనను తాను మంచానికి కట్టేసుకుంటే మంచంతో సహా మెట్ల మీంచి దొర్లించాడని చెప్పుకునేవాళ్లు. అంత మనిషికి పిడిగుద్దుల ఆట అంటే పిచ్చి. ఎప్పుడూ ఎడమ పక్క స్టూలే కావాలి, ఎప్పుడూ ఆ లావుపాటి మల్లయోధుడి బొమ్మే కావాలి, అవతలివాణ్ణి నేలకేసి కొట్టిన ప్రతిసారీ తొడ మీద చరుచుకునేవాడు. మా గదిలో ఒక కట్టుబాటు ఉండేది, ఓడినవాడు లేచి తర్వాతివాడికి స్టూలివ్వాలి, గెలిచినవాడు కూర్చోవాలి. పహిల్వాన్ లేవగా నేను చూడలేదు. అంత బాగా ఆడతాడని కాదు, ఆయన్ని గెలిచిన ఒక మెకానిక్కు కుర్రాడు మర్నాడు మూతి వాచి కనిపించాడు, అప్పటినుంచి అందరికీ ఓడిపోవడం అలవాటయింది. ఆయనకు ఆ సంగతి తెలియదు. తానే గొప్ప ఆటగాణ్ణని నిజంగా నమ్మేవాడు.

ఆయన బలానికి హ్యాండిళ్లు నిలిచేవి కావు. ఒక శుక్రవారం మధ్యాహ్నం ఎడమ పక్క హ్యాండిల్ కింద ప్లేటు రెండు ముక్కలై కనిపించింది. మా అన్న చెక్క విప్పి, పగిలింది తీసి, సొరుగులోంచి చదరపు కంత ఉన్న కొత్త ప్లేటు తీసి మిషను మీద పెట్టాడు. ఇంతలో గాంధీనగర్‌లో ఒక ఇంట్లో ఉపవాస ప్రార్థనకు వేళయింది, ఆ రోజు సాక్ష్యం చెప్పవలసింది తనే. వచ్చి బిగిస్తానని చెప్పి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి గది నిండిపోయింది, ఎప్పుడు మొదలవుతుందని కుర్రాళ్లు తొందరపెట్టారు. ప్రార్థన నుంచి వచ్చిన మనిషి, ఇంకా పెదాల మీద పాట ఉన్న మనిషి, ప్లేటు అనుకోగానే చెయ్యి అలవాటుకొద్దీ జేబులోకి పోయింది. సాక్ష్యం ప్లేటే మిషనులో బిగించేశాడు. చదరపు కంతది మిషను మీద టోకెన్ల మధ్య అలాగే ఉంది. అది నేనూ చూడలేదు, వాడూ చూడలేదు. వాడు కార్ల మిషను పెడలు ఇరుక్కుందని దాని వెనకాల దూరాడు, పహిల్వాన్ వచ్చి ఎడమ స్టూలు మీద కూర్చున్నాడు.

కుడి స్టూలు మీద ఆ రోజు కూర్చున్నవాడు ఈ మధ్యే రావడం మొదలుపెట్టినవాడు. పాలమూరు నుంచి వచ్చి అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి సర్కారు కొలువు పరీక్షకు చదువుకునేవాడు, తండ్రి ఈ ఊళ్లోనే కట్టుబడి పనుల్లో ఇటుకలు మోసేవాడు. వచ్చే వారమే పరీక్ష. చదివి చదివి తల వేడెక్కితే వారానికొకసారి పగటి పూట వచ్చిపోయేవాడు, నన్ను అక్కా అనేవాడు, నేను తమ్ముడూ అనేదాన్ని. పక్కన ఉన్నది ఎవరో అతనికి తెలియదు. తెలిసినవాళ్లు చెప్పేలోపలే ఆట మొదలైంది.

ఏదో తేడాగా ఉందని నాకు చెవికి తెలిసింది. హ్యాండిల్ మూల తిరిగినప్పుడు వినపడవలసిన చప్పుడు వినపడటం లేదు, టక్కు టక్కుమని నిలువుగా అడ్డంగా కొట్టుకుంటోంది. తమ్ముడి బొమ్మ కూర్చుని కాళ్ల మీద తన్నుతోంది, మల్లయోధుడు పడుతున్నాడు, లేస్తున్నాడు, మళ్లీ తన్ను, మళ్లీ పడుతున్నాడు. పహిల్వాన్ కాచుకోవడానికి మూలకు లాగుతున్నాడు, మెడ నరాలు తేలుతున్నాయి, హ్యాండిల్ కదలదు. మూల లేని చోట కాపు ఎక్కడిది? దెబ్బ మీద దెబ్బ, అదే తన్ను, అదే చోట, గొడ్డలితో చెట్టు మొదలు నరికినట్టు. ఎవరూ తమ్ముడి పక్షాన అరవడం లేదు, వెనకవాళ్లు ఒక్కొక్కరే గోడకు ఆనుకుంటున్నారు. రెండో రౌండు కూడా పోయింది. మల్లయోధుడు వెల్లకిలా పడి ఉన్నాడు. తమ్ముడు చేతులు దులుపుకుని, పక్కకు తిరిగి, మర్యాదగానే అన్నాడు:

"అన్నా, జర లెవ్వు. ఓడినోడు లేవాలె గద."

పహిల్వాన్ లేచాడు. లేచి, అతని జుట్టు పిడికిట్లో పట్టి, ముఖాన్ని మిషను గాజు మీద కొట్టాడు. గాజు పగిలింది. రెండోసారి కొట్టాడు, అప్పుడు పగిలింది గాజు కాదు. అతని ముక్కులోంచి, నుదుటి మీంచి నెత్తురు బటన్ల మీద కారుతుంటే, తెర మీద ఆట ఇంకా మోగుతూనే ఉంది. స్టూలు కాళ్లతో వీపు మీద రెండు వేశాడు, కింద పడ్డాక పక్కటెముకల్లో బూటుతో తన్నాడు, తన్నిన ప్రతిసారీ అతని నోట్లోంచి గాలి మాత్రమే వచ్చింది, కేక రాలేదు. అంత చేసి, ఊపిరి తీసుకుని, అతని కుడి మణికట్టు పట్టుకుని గడప దాకా ఈడ్చుకుపోయాడు. మా షట్టరు ఎప్పుడూ సగం ఎత్తి ఉండేది, దాని అడుగున అరిగిపోయిన ఇనప పట్టీ. ఆ పట్టీ కింద అతని చెయ్యి పెట్టి, మోసం చేసి గెలిచిన చెయ్యి ఇదేనా అని అడిగాడు. నేను కౌంటరు దూకి అడ్డం పోబోతే ఒక్క తోపుకి గోడకు కొట్టుకున్నాను, నోట్లో నెత్తురు ఉప్పగా తగిలింది.

కార్ల మిషనుకూ గోడకూ మధ్యనుంచి పెనుగులాడి మా అన్న అప్పటికి బయటికి వచ్చాడు.

వాడు పహిల్వాన్ వైపు పోలేదు. ముందు మిషను దగ్గరికి పోయాడు, హ్యాండిల్ ఒకసారి మూలకు లాగి చూశాడు, తర్వాత టోకెన్ల మధ్య పడి ఉన్న చదరపు కంత ప్లేటు వంక చూశాడు. ఏం జరిగిందో అర్థమైన వాడి ముఖం నాకు ఇప్పటికీ కనిపిస్తోంది. ఆ ప్లేటు చేత్తో పట్టుకుని గడప దగ్గరికి నడిచి, పహిల్వాన్‌కు చూపించి, ఇది వెయ్యాల్సింది, నేను వేరేది వేసిన, హ్యాండిల్ మూలకు పోలేదు, నువ్వు ఓడింది అందుకు, ఈ పిల్లగానికి ఇదేం తెలవదు అని నెమ్మదిగా చెప్పాడు. పహిల్వాన్ విన్నాడు. విని, అట్లనా అని నవ్వి, ఒక చేత్తో మా అన్న చెంప మీద కొట్టాడు. ఇంకో చెంప మీద కొట్టాడు. ఆయన చేతికున్న ఉంగరం చెంప చీల్చింది. ఆ సందులో పాతవాళ్లందరికీ మా అన్న ఎవరో తెలుసు, పహిల్వాన్‌కూ తెలుసు, అందుకే కొట్టాడు.

"ఏంరా, వెనకట షేర్ అంటివి, పులి అంటివి. చెయ్యి లేస్తలేదా? గుడికి పోయి గాజులు తొడుక్కొచ్చినవా?"

మా అన్న చెయ్యి దానంతటది కొంచెం లేచింది. అదేమిటో వాడితో పుట్టినదాన్ని నాకు తెలుసు. గదిలో అందరూ వాడి కుడి చేతినే చూస్తున్నారు. ఒక్క దెబ్బ, వాడి దెబ్బ ఒక్కటి చాలు, ఆ అత్తరు మనిషి రోడ్డు మీద పడి ఉంటాడు. ఒక చెంప మీద కొడితే రెండో చెంప చూపించమని ఆదివారం బడిలో పిల్లలకు నేర్పే నేను, నోటి నిండా నెత్తురుతో, గొంతు చీలిపోయేలా అరిచాను.

"అన్నా, కొట్టు."

వాడు నా వైపు చూడలేదు. మోకాళ్ల మీద కూర్చున్నాడు. షట్టరు కింద ఉన్న తమ్ముడి చెయ్యి తీసి వెనక్కి తోసి, తన కుడి చెయ్యి ఆ ఇనప పట్టీ కింద, అరుగు రాయి మీద, వేళ్లు విప్పి పెట్టాడు.

"తప్పు చేసింది నా చెయ్యి. ఆ పిల్లగానికి పరీక్ష ఉంది. కొడితే దీన్ని కొట్టు."

పహిల్వాన్ బెదిరించి వదిలేద్దామనుకున్నాడేమో, మా అన్న చివరి క్షణంలో చెయ్యి లాక్కుంటాడనుకున్నాడేమో, నాకు తెలియదు. రెండు చేతులా షట్టరు పట్టుకుని కిందికి దించాడు. మా అన్న లాక్కోలేదు. ఆ చప్పుడు ఇనుము రాతిని తాకిన చప్పుడు కాదు, మధ్యలో మెత్తగా ఏదో ఉన్న చప్పుడు. షట్టరు పైకెత్తితే మూడు వేళ్లు అరుగు రాయికి అంటుకుపోయి ఉన్నాయి, ఎముక తెల్లగా కనిపించింది, నెత్తురు మెట్టు దిగి మోరీ కాలువ దాకా పారింది. మా అన్న కేక ఆ సందులో చివరి ఇంటిదాకా వినిపించిందట. వాడు కేక వేశాడు, ఏడ్చాడు, నేల మీద దొర్లాడు. ఎడమ చెయ్యి ఖాళీగానే ఉంది, పక్కనే షట్టరు లాగే ఇనప కడ్డీ ఉంది, వాడు దాన్ని ముట్టుకోలేదు.

పహిల్వాన్ చొక్కా మీద పడ్డ చుక్కలు చూసుకుని, వెళ్లిపోయాడు. మళ్లీ మా దుకాణానికి రాలేదు. మారాడా అంటే మారలేదు, ఆ తర్వాత కూడా అదే పని చేశాడు, చాలా ఇళ్లు ఖాళీ చేయించాడు. లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర ఎవరో ఆయన్ని కత్తులతో పొడిచి చంపారని కొన్నేళ్లకు విన్నాం. ఆ కబురు విని మా అన్న భోంచేస్తున్నవాడు కంచం ముందునుంచి లేచాడు, సంతోషించాడని నేను పొరబడ్డాను, వెనక గదిలోకి పోయి చూస్తే ఏడుస్తున్నాడు.

ఆస్పత్రిలో ఒక వేలు తీసేశారు, మిగిలిన రెండూ మళ్లీ వంగలేదు. చూడటానికొచ్చిన సంఘ పెద్దాయన మంచం పక్కన నిలబడి, సాతాను వ్యాపారం చేసినందుకు దేవుడు చేతిని దండించాడన్నాడు. నేను ఆయన్ని బయటికి నడవమన్నాను, ఇప్పటికీ ఆ మాటకు ప్రార్థనలో క్షమాపణ అడగలేదు, అడగను. ఒకరి బదులు ఒకరు, మన బదులు ప్రభువు దెబ్బలు తిన్నాడన్న మాటను నేను రంగు బొమ్మలు గుడ్డ మీద అంటించి ఎన్ని ఆదివారాలు చెప్పానో, అర్థమైందనే అనుకున్నాను. అరుగు రాయి మీద చూసేదాకా అర్థం కాలేదు.

తమ్ముడు తలకు కట్టుతో, విరగని కుడి చేత్తో పరీక్షకు సిద్ధమయ్యాడు. ఆ పరీక్ష వాయిదా పడింది. అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉన్నవాళ్లకు అది కొత్త కాదు, కాని ఈ వాయిదా కబురు మా ఇంట్లో చెప్పి అతను గుమ్మంలోనే తల కొట్టుకున్నాడు. ఇంత చేసి ఆ పరీక్షే లేకపోయె కదా అని మా వదిన కళ్లనీళ్లు పెట్టుకుంటే, మా అన్న పట్టీ కట్టిన చెయ్యి ఎత్తి చూపి నవ్వాడు.

"మంచిదే కదనే, ఇంకా నాలుగు దినాలు చదువుకుంటడు."

తర్వాత దుకాణం ఎంతోకాలం నిలవలేదు. ఇంటింటికీ చిన్న పెట్టెలు వచ్చాయి, నారాయణగూడ నిండా ఇంటర్నెట్ సెంటర్లు వచ్చాయి, కుర్రాళ్లు కీబోర్డు మీద చెయ్యి పెట్టి మౌసుతో కాల్చుకునే ఆటలకు పోయారు. అది నిజంగానే ఆ ఆటకు తగిన పిడి, ఎలుకంత దాన్ని వేలితో కదిపితే చాలు మనిషి కూలిపోతాడు. మిషన్లు పాత సామానువాళ్లకు పోయాయి. అవి పోయే ముందు ఖాళీ సాయంత్రాల్లో మా అన్న పిడిగుద్దుల ఆట ఆడేవాడు. కుడి చెయ్యి బటన్లకు పనికిరాదు, అంటే కొట్టే చెయ్యి లేదు. ఎడమ చేత్తో హ్యాండిల్ మాత్రం పట్టుకునేవాడు. వాడి బొమ్మ కొట్టేది కాదు, నిలబడి కాచుకునేది, కూర్చుని కాచుకునేది, వెనక మూలలో హ్యాండిల్ బిగించి, అవతలివాడు ఎన్ని కొట్టినా చేతులు ముఖానికి అడ్డం పెట్టుకుని ఉండేది. కాచుకున్నా కొద్దికొద్దిగా బలం తరుగుతుంది కదా, టైం అయిపోయేసరికి ఓడిపోయేవాడు. ఓడిపోయేవాడు గానీ, వాడి బొమ్మ నేల మీద పడగా నేను చూడలేదు. కుర్రాళ్లు విసుక్కునేవాళ్లు. వాడు నవ్వుతూ లేచి, ఎదురుగా ఎవరూ వంతు కోసం లేకపోయినా, స్టూలు ఖాళీ చేసేవాడు.

మా అన్న ప్రభువు దగ్గరికి పోయి కొన్నేళ్లయింది. ఆ సందు ఇప్పుడు మెట్రో స్తంభాల నీడలో ఉంది, మా గది ఉన్న చోట స్టడీ హాలు, రోజంతా పిల్లలు పుస్తకాల మీద తలలు వంచి చదువుకుంటుంటారు. అరుగు రాయి మీద టైల్స్ వేశారు.

శనివారం ఆ పిల్లలు నన్ను ఊరికే వదల్లేదు. ఒక్క ఆట ఆడాల్సిందేనన్నారు. కుర్చీ వేసి, ప్యాడ్ చేతిలో పెట్టి, పక్కన ఒకణ్ణి కూర్చోబెట్టారు. మరి రోజూ ఇళ్లలో ఎవరితో ఆడతారని అడిగాను. ఎవరో తెలియదన్నారు, ఏ ఊరో, ఏ దేశమో, ఫోన్లో పేరు మాత్రం కనిపిస్తుందట, ఓడితే మీట నొక్కి వెళ్లిపోతే అయిపోయిందట. ఎవరి పక్కన ఎవరి భుజం తగలదు, ఎవరి ఊపిరి ఎవరికీ వినపడదు, గెలిచానని భయపడాల్సిన పని లేదు. మంచిదేనేమో. గాజు పగలదు. చెయ్యి నలగదు.

ఆట మొదలైంది. నా బొటనవేలు బాణం గుర్తు మీద వెనక్కి బిగుసుకుంది, కుడి చెయ్యి ఒళ్లో పడి ఉంది. అవతలివాడు గుద్దుతున్నాడు, తన్నుతున్నాడు, నా బొమ్మ రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. వెనకనుంచి పిల్లలు ఒకటే అరుపులు, ఆంటీ కొట్టండి, కొట్టండి ఆంటీ అని. ఆ మాట ఎంత తియ్యగా, ఎంత గట్టిగా మనిషిని లాగుతుందో నాకు తెలుసు. ఒకప్పుడు ఆ మాట అరిచిన గొంతు నాదే. నేను కొట్టలేదు. వేలు నొప్పి పుట్టేదాకా వెనక్కే నొక్కి పట్టుకున్నాను. టైం అయిపోయింది, ఓడిపోయానని తెర మీద పడింది.

నేను లేచి కుర్చీ పక్కకు జరిగాను. పాపం ఆ పిల్లవాడు కంగారుపడి, కూర్చోండి ఆంటీ, ఇంకో ఆట ఉంది, ఎందుకు లేచారని అడిగాడు. ఓడినవాళ్లు లేవాలి కదా నాన్నా అన్నాను. ఎందుకని అడిగాడు. వాడికి నిజంగానే తెలియదు.